మౌలానా హాలీ: ఒక రిటైర్డు ఉపాధ్యాయుని జీవితం

తెలంగాణా పాత కుటుంబాలలో హాలీ అన్న మాట వినగానే ముందుగా గుర్తుకొచ్చేది రూపాయి. నిజాం ప్రభుత్వం వారి నాణేనికి హాలీ సిక్కా అని పేరు. ప్రస్తుతం చెలామణీలో ఉన్న నాణెం అని దాని అర్థం. బ్రిటిషువారి రూపాయిని కల్దార్ అనేవారు. ఆ హాలీ రూపాయలతో నెలనెలా వజీఫా పుచ్చుకుంటూ, హాలీ అన్న కలంపేరుతోనే దేశమంతా ప్రసిద్ధుడైన బడిపంతులు ఒకాయన ఉండేవారు. ఆయనే ఖ్వాజా అల్తాఫ్ హుసేన్ హాలీ. కవి గనుక అందరూ ఆయనను కవిగానే తలుచుకుంటారు. మేము మాత్రం ఈ సంచికలో ఆయనను రిటైరైన ఉపాధ్యాయునిగా తలుచుకోదలిచాము. ఎందుకంటే ఆయన గొప్ప పుస్తకాలలో చాలా భాగం బడి వదిలి ఇంటికి వచ్చాక రాసినవే. ఆ ఇంటి ఖర్చులో కొంత భాగం మన హైద్రాబాదు నుంచి వెళ్ళింది.

హాలీ 1837లో పానిపట్టులో జన్మించారు. పానిపట్టు అనగానే మనకు పాఠ్యపుస్తకాలలోని మూడు యుద్ధాలు తప్ప మరేమీ తోచదు. కానీ అది హజ్రత్ బూ అలీ షా ఖలందర్ దర్గా ఉన్న ఊరు, హాఫిజులకూ ఆలింలకూ పేరున్న ఊరు. వీరిది అన్సారీల వంశం. వంశం పెద్దదే గాని బాల్యం సుఖంగా సాగలేదు. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే తల్లికి మతి స్తిమితం తప్పింది. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. అన్నా అక్కలూ పెంచారు. ఖురాన్ షరీఫ్ కంఠస్థం చేయించారు. కొంత ఫారసీ, కొంత అరబ్బీ అక్కడా ఇక్కడా చెప్పించుకున్నారు. ఒక పద్ధతి ప్రకారం సాగిన చదువు కాదు అది.

పదిహేడో ఏట పెళ్ళి చేసేశారు. పెళ్ళయింది గనుక ఇక ఉద్యోగం చూసుకోమని ఇంట్లో పోరు. కుర్రవాడికేమో చదువు మీద ధ్యాస. అత్తవారు కాస్త కలిగినవారు. భార్య పుట్టింటికి వెళ్ళిన సమయం చూసుకుని, 1854లో ఎవరికీ చెప్పకుండా ఢిల్లీ దారి పట్టారు. పానిపట్టుకూ ఢిల్లీకీ యాభై మైళ్ళ పైచిలుకు. చేతిలో డబ్బులేదు, సామాను లేదు. మన పిల్లలు చదువుకు పట్నం పోవాలంటే రిజర్వేషను టిక్కెట్టు, హాస్టలు గది ముందే సిద్ధం చేసి పంపిస్తాము మనం. ఆ పదిహేడేళ్ళ పెళ్ళికొడుకు ధైర్యం వేరు. అయితే ఆ భార్య ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. ఆడవారి మాటను పట్టించుకోని లోకం గురించి తర్వాతి రోజుల్లో హాలీయే రాశారు గనుక ఈ సంగతి కూడా ఇక్కడ గుర్తు చేస్తున్నాము.

ఢిల్లీలో జామా మసీదు దగ్గర హుసేన్ బఖ్ష్ మదర్సాలో చేరారు. అప్పటికి ఢిల్లీ కాలేజీ మంచి పేరులో ఉంది. అక్కడ గణితం, విజ్ఞానశాస్త్రం కూడా ఉర్దూలోనే చెబుతున్నారు. కానీ ఈ మదర్సావారి దృష్టిలో ఆ కాలేజీ చదువు చదువే కాదు. హాలీ సంవత్సరంన్నర ఢిల్లీలో ఉండి కూడా ఆ కాలేజీ గుమ్మం తొక్కలేదు, అటువైపు చూడనైనా లేదు. ఈ సంగతి తర్వాత ఆయనే తన స్వీయచరిత్రలో రాసుకున్నారు. ఇంగ్లీషు చదువు ఎందుకు కావాలో జీవితమంతా చెప్పిన మనిషికి ఇంగ్లీషు రాదు. ఈ లోటు ఆయనకు చివరిదాకా తెలుస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే మీర్జా గాలిబ్‌తో పరిచయమైంది. గాలిబ్ కవిత్వంలో అర్థంకాని చోట్లు పట్టుకుని వెళ్ళి ఆయననే అడిగి తెలుసుకునేవారు. గాలిబ్ ఎవరికి పడితే వారికి కవిత్వం రాయమని సలహా ఇచ్చే మనిషి కాదు. ఈ కుర్రవాడి రచన చూసి మాత్రం, నీవు రాయకపోతే నీకు నీవే అన్యాయం చేసుకున్నట్లని చెప్పారట. మొదట ఖస్తా అన్న పేరుతో రాసేవారు. ఖస్తా అంటే అలసిపోయినవాడు. తర్వాత హాలీ అయ్యారు, అంటే ఈ కాలపువాడు. పేరు మార్చుకోవడం బాగుంది.

ఇంటివారికి జాడ తెలిసి 1855లో వెనక్కు పిలిపించారు. 1856లో హిస్సార్ కలెక్టరు కచేరీలో చిన్న ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడే 1857 తిరుగుబాటు వచ్చిపడింది. ఉద్యోగం పోయింది. ఇంటికి వస్తూ దారిలో దొంగల పాలబడ్డారు. రోగంతో ఇల్లు చేరారు. ఆ అనారోగ్యం చాలా కాలం వదల్లేదు. ఢిల్లీలో ఎంతమంది పండితులు పోయారో, ఎన్ని గ్రంథాలయాలు బూడిదయ్యాయో మనకు తెలుసు. హాలీ చూసిన ఢిల్లీ ఆ ఒక్క ఏడాదితో ముగిసిపోయింది. ఆయన తర్వాత ఏది రాసినా దాని వెనక ఆ దుఃఖం ఉంది.

నాలుగైదేళ్ళు ఊళ్ళోనే ఉండి సొంతంగా చదువుకున్నారు. తర్వాత జహంగీరాబాదు నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా గారి పిల్లలకు చదువు చెప్పే కొలువు కుదిరింది. ఉపాధ్యాయ వృత్తిలో అది మొదటి అడుగు. షేఫ్తా మంచి కవి, అంతకన్న మంచి విమర్శకుడు. అతిశయోక్తులు నచ్చనివాడు. ఉన్నదాన్ని ఉన్నట్లు, అందంగా చెప్పడమే కవిత్వమన్న పాఠం హాలీకి అక్కడే ఒంటబట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. పడుచు వయసులో హాలీకి మతనిష్ఠ కాస్త ఎక్కువ. వయసు మీరిన గాలిబ్‌కు ఐదు పూటలా నమాజు చేయాలని పెద్ద ఉపదేశమే చేశారు. గాలిబ్ నొచ్చుకున్నారు. ఏళ్ళు గడిచాక గాలిబ్ జీవితచరిత్ర రాస్తూ హాలీ ఈ విషయం దాచలేదు. తన తొందరపాటు అని ఒప్పుకుని సిగ్గుపడ్డారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు దీన్ నేర్పబోయే కుర్రవాళ్ళు ఈ పుట చదివితే బాగుండును.

1869లో గాలిబ్ పోయారు, అదే ఏడు షేఫ్తా కూడా పోయారు. కొలువు పోయింది. హాలీ లాహోరు వెళ్ళి ప్రభుత్వ పుస్తకాల డిపోలో చేరారు. పని ఏమిటంటే, ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి వేరెవరో చేసిన అనువాదాలను తీసుకుని భాష సరిచేయడం. సుమారు నాలుగేళ్ళు ఈ దిద్దుబాటు చేశారు. చూడడానికి గుమాస్తా పనే. కానీ ఇంగ్లీషు అక్షరం రాని మనిషి ఇంగ్లీషువారి ఆలోచనలను లోపలి నుంచి చూసింది ఆ బల్ల ముందు కూర్చునే. 1874లో అంజుమనె పంజాబ్ వారు కొత్తరకం ముషాయిరాలు మొదలుపెట్టారు. ఇచ్చిన పాదానికి గజల్ అల్లడం కాక, ఇచ్చిన విషయం మీద నజ్మ్ రాయాలి. మౌల్వీ ముహమ్మద్ హుసేన్ ఆజాద్, విద్యాశాఖ డైరెక్టరు కర్నల్ హాల్‌రాయిడ్ దీనికి పూనుకున్నారు. హాలీ వాన మీద, ఆశ మీద, దేశభక్తి మీద, దయా న్యాయాల సంవాదం మీద నాలుగు నజ్ములు చదివారు.

ఆ 1874లోనే మజాలిసున్నిసా అనే పుస్తకం రాశారు. ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటున్నట్లుగా, వాళ్ళ నుడికారంలోనే సాగుతుంది. జుబేదా ఖాతూన్ అనే అమ్మాయిని చిన్నప్పుడు ఎలా చదివించారు, ఆమె పెద్దయ్యాక తన కొడుకును ఎలా తీర్చిదిద్దింది అన్నది కథ. దీనికి ప్రభుత్వం 400 రూపాయల బహుమతి ఇచ్చింది. వైస్రాయి లార్డ్ నార్త్‌బ్రూక్ స్వయంగా అందజేశారు. పంజాబులోనూ, అప్పటి వాయవ్య పరగణాలలోనూ ఆడపిల్లల బడులలో చాలా ఏళ్ళు పాఠ్యపుస్తకంగా నడిచింది. ఈనాటి చదువుకున్న అమ్మాయిలు ఆ పుస్తకం చూస్తే, ఆడపిల్లకు చదువు ఇల్లు చక్కబెట్టడానికేనా అని అడగవచ్చు. అడగవలసిందే. కానీ 1874లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అంతటివారు కూడా ముందు మగపిల్లలు చదవనీ, ఆడపిల్లల సంగతి తర్వాత చూద్దామన్న అభిప్రాయంతో ఉండేవారు. సర్ సయ్యద్‌ను ప్రాణసమానంగా చూసుకున్న హాలీ ఈ ఒక్క విషయంలో ఆయన కోసం ఆగలేదు. వాదించి జగడం పెట్టుకోలేదు, తన పని తాను చేసుకుపోయారు.

లాహోరు నీళ్ళు పడలేదు. 1875 ప్రాంతంలో ఢిల్లీ వచ్చి ఆంగ్లో అరబిక్ స్కూలులో అరబ్బీ, ఫారసీ ఉపాధ్యాయుడయ్యారు. పడుచు వయసులో తాను తొంగి చూడని ఢిల్లీ కాలేజీ పరంపరలోనిదే ఈ బడి. ఇప్పుడది అజ్మేరీ గేటు దగ్గర ఘాజియుద్దీన్ మదర్సా ఆవరణలో ఉంది. ఆ ఆవరణలోనే సమాధి అయి ఉన్న ఘాజియుద్దీన్ ఖాన్ ఎవరో కాదు, హైద్రాబాదు మొదటి నిజాం గారి తండ్రి. మనవాళ్ళు ఢిల్లీ వెళ్ళినప్పుడు ఎర్రకోట, కుతుబ్‌మీనారు చూసి వచ్చేస్తారు. రైల్వే స్టేషనుకు ఇంత దగ్గరలో ఉన్న ఈ చోటు కూడా చూసి రావాలి.

పన్నెండేళ్ళకు పైగా ఆ బడిలో పని చేశారు. మధ్యలో 1887లో కొద్ది నెలలు లాహోరు ఎచిసన్ కాలేజీకి వెళ్ళి, అక్కడ మనసు కుదరక తిరిగి వచ్చేశారు. పగలు పిల్లలకు వ్యాకరణం చెబుతూ, రాత్రులు రాసుకుంటూ ఈ కాలంలోనే ముసద్దస్ పూర్తి చేశారు. ముసద్దస్ అంటే ఆరేసి పాదాల పద్యాలు. అసలు పేరు మద్దొ జజ్రె ఇస్లాం, అంటే ఇస్లాం ఆటుపోట్లు. 1879లో అచ్చయింది. రాయమని ప్రోత్సహించింది సర్ సయ్యద్. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి రాకకు ముందు అరేబియా స్థితి, ఆ తర్వాతి ఔన్నత్యం, విద్యలో ముస్లింలు సాధించినది, చివరికి హిందూస్తాన్‌లో ఖౌమ్ పడిన దుస్థితి అంతా వరుసగా చెప్పారు. నవాబుల సోమరితనాన్నీ, కవుల అబద్ధాలనూ, తమలో తాము కలహించుకునే ఆలింలనూ ఎవరినీ వదల్లేదు. సభలలో చదువుతుంటే జనం ఏడ్చేవారు. పరలోకంలో అల్లాహ్ నీవు ఏం చేసి వచ్చావని అడిగితే, హాలీ చేత ముసద్దస్ రాయించానని చెప్పుకుంటానని సర్ సయ్యద్ అన్నారు.

తిట్టినవారూ తక్కువేమీ లేరు. ఇందులో ఇంగ్లీషు పరిపాలనను మెచ్చుకున్న పద్యాలు ఉన్నాయి, నిజమే. 1857ను కళ్ళారా చూసి, దారిలో దోపిడీకి గురై వచ్చిన మనిషికి శాంతి అన్న మాట ఎంత విలువైనదో మనం ఊహించుకోగలము. అయినా ఆ పొగడ్త మోతాదు మించిందనే మా అభిప్రాయం. మెచ్చుకోదగినది వేరొకటి ఉంది. మొదటి ముసద్దస్ పూర్తిగా నిరాశతో ముగిసింది. పంతులుగారికి తన పాఠంలో లోపం తెలిసింది. పిల్లవాడిని నీవు చెడిపోయావు అని మాత్రమే చెప్పి ఇంటికి పంపితే వాడు బాగుపడడు కదా! 1886లో దానికి ఒక అనుబంధం రాసి చేర్చారు. అందులో ఆశ ఉంది, ప్రయత్నించమన్న పిలుపు ఉంది.

1884లో మునాజాతె బేవా రాశారు. చిన్ననాడే వితంతువైన ఒక ఆడపిల్ల అల్లాహ్‌తో చేసుకునే మొర ఇది. ఫారసీ అరబ్బీల బరువు లేకుండా, ఇంట్లో మాట్లాడే మాటలతో రాసిన పద్యం. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఒకరు గోదావరి ఒడ్డున, ఒకరు ఢిల్లీలో. ఇద్దరూ బడిపంతుళ్ళే. షరీయత్ వితంతువు పునర్వివాహాన్ని ఏనాడూ నిషేధించలేదు. నిషేధించింది మన గొప్ప వంశాలమనుకునే వాళ్ళ ఆచారం. హాలీ కలం దెబ్బ ఆ ఆచారానికి తగిలింది.

ఇక హైద్రాబాదు సంగతి. 1887లో సంస్థాన ప్రధానమంత్రి నవాబు ఆస్మాన్ జా బహద్దూర్ ఉత్తరాదికి వెళ్ళినప్పుడు అలీగఢ్‌లో హాలీని చూశారు. రచయితలకిచ్చే సహాయం కింద నెలకు 75 రూపాయల వజీఫా మంజూరు చేశారు. 1891లో సర్ సయ్యద్ ప్రతినిధి వర్గం అలీగఢ్ కాలేజీ పని మీద హైద్రాబాదు వచ్చినప్పుడు హాలీ కూడా వెంట వచ్చారు. అప్పుడు ఇంకో 25 కలిపి, హాలీ సిక్కాలో నూరు రూపాయలు చేశారు. జాగీరు ఇవ్వలేదు, మన్సబు ఇవ్వలేదు. నెలకు నూరు రూపాయలు, అదీ కల్దార్ కంటే తక్కువ విలువ గల రూపాయలు! హాలీకి అదే చాలనిపించింది. వజీఫా వచ్చాక బడి పనికి సెలవు చెప్పి పానిపట్టు వచ్చి కూర్చున్నారు. దర్బారుల వెంట తిరిగి ఇంకా పెంచమని అడిగే అలవాటు ఆయనకు లేదు.

రిటైరైనవాళ్ళు సాధారణంగా ఏం చేస్తారో మనందరికీ తెలుసు. హాలీ ఏం చేశారో చూడండి. 1893లో తన కవితా సంపుటానికి ముందుమాట రాయబోయి, అది పెరిగి పెరిగి ముఖద్దమా షేరొ షాయిరీ అయింది. ఉర్దూలో సాహిత్య విమర్శకు అదే పునాది. కవి సంఘానికి బాధ్యుడని, ప్రియురాలి నడుము వెంట్రుకంత సన్నమని రాసి రాసి విసిగించే పాత పద్ధతి చాలించాలని అందులో వాదించారు. గజల్ ప్రియులకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదనే చెప్పాలి. 1897లో యాద్‌గారె గాలిబ్ వెలువడింది. గాలిబ్ నవ్వులూ, ఛలోక్తులూ, అప్పులూ, మామిడిపండ్ల మీద మక్కువా ఈనాడు దేశమంతా తెలుసంటే చాలా వరకు ఈ పుస్తకం వల్లనే. 1898లో సర్ సయ్యద్ కాలం చేశారు. 1901లో హయాతె జావేద్ అనే పేరుతో ఆయన జీవితాన్ని పెద్ద గ్రంథంగా తెచ్చారు. అప్పటికి హాలీ వయసు 64. మౌలానా షిబ్లీ దీన్ని ఆధారాలతో కూడిన పొగడ్త అన్నట్లుగా తీసిపారేశారు. షిబ్లీ మాటలో కొంత నిజం ఉంది. ఐతే సర్ సయ్యద్ మీద ఈనాటికీ ఎవరు రాయాలన్నా ఆ గ్రంథం ముందు పెట్టుకోక తప్పదు.

పుస్తకాలతోనే కూర్చోలేదు. 1894లో పానిపట్టులో ఆడపిల్లల కోసం ఒక చిన్న బడి పెట్టారు. పర్దా ఇళ్ళలోంచి పిల్లలను పంపించడమంటే మాటలా? చదువు చెప్పగల స్త్రీలు దొరకడం ఇంకా కష్టం. చందా వసూలు చేసిన అనుభవం మన సభ్యులకు ఉంది గనుక ఆ ఇబ్బందులు వివరించనవసరం లేదు. 1904లో ప్రభుత్వం షమ్సుల్ ఉలమా బిరుదు ఇచ్చింది. అదే ఏడు అలీగఢ్‌లో షేక్ అబ్దుల్లా గారు ఖాతూన్ అనే స్త్రీల పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక కోసం 1905లో హాలీ చుప్ కీ దాద్ రాసి ఇచ్చారు. మౌనానికి దక్కిన మన్నన అని చెప్పుకోవచ్చు. తల్లులూ చెల్లెళ్ళూ బిడ్డలూ తరతరాలుగా నోరు మెదపకుండా భరించినదంతా లెక్క తీసి మగవాళ్ళ ముందు పెట్టిన పద్యం అది. మజాలిసున్నిసా రాసిన మనిషి ముప్పై ఏళ్ళలో ఎంత దూరం నడిచారో ఈ పద్యంలో కనబడుతుంది. అక్కడ స్త్రీ చదువు ఇంటి మేలు కోసం. ఇక్కడ అది ఆమెకు రావలసిన బాకీ. మరుసటి ఏడు, 1906లో, షేక్ అబ్దుల్లా దంపతులు అలీగఢ్‌లో బాలికల పాఠశాల తెరిచారు.

డెబ్బయ్యో ఏట, 1907లో, ముహమ్మడన్ ఎడ్యుకేషనల్ కాన్ఫరెన్సుకు అధ్యక్షత వహించడానికి కరాచీ దాకా ప్రయాణం చేశారు. ఆ వయసులో అంత దూరం రైలు ప్రయాణం! తర్వాత ఎక్కువగా ఇల్లు కదల్లేదు. 1914 డిసెంబరు 31న పానిపట్టులోనే కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బూ అలీ షా ఖలందర్ దర్గా ఆవరణలో ఖననం చేశారు.

ఊరివారు ఆయన పేరిట నడిపిన హాలీ ముస్లిం హైస్కూలులో ఎందరో చదువుకున్నారు. 1935లో పానిపట్టులో శతజయంతి ఘనంగా జరిగింది. భోపాల్ నవాబు అధ్యక్షత వహించారు. అల్లామా ఇక్బాల్ జబ్బుతో ఉండి కూడా వచ్చారు. పన్నెండేళ్ళు తిరిగేసరికి 1947 వచ్చింది. పానిపట్టు ముస్లింలు ఊరు విడిచి వెళ్ళిపోయారు. హాలీ మజారు అక్కడే ఉండిపోయింది.

కుటుంబం చెల్లాచెదురైంది గాని చదువు మాత్రం వారిని వదల్లేదు. కుమారుడు ఖ్వాజా సజ్జాద్ హుసేన్ అలీగఢ్ కాలేజీ తొలి తరం పట్టభద్రుల్లో ఒకరు, విద్యాశాఖలో పని చేశారు. మునిమనుమడు ఖ్వాజా గులాముస్సయ్యదైన్ స్వతంత్ర భారత విద్యాశాఖ కార్యదర్శి అయ్యారు. మరో మునిమనుమడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ హాలీ కాలం చేసిన 1914లోనే, కొన్ని నెలల ముందు పుట్టారు. హాలీ ముస్లిం హైస్కూలులో చదివి, బొంబాయి వెళ్ళి పత్రికా రచయితగా, సినిమా దర్శకుడుగా దేశమంతటికీ తెలిశారు. మునిమనుమరాలు సాలిహా ఆబిద్ హుసేన్ ఢిల్లీలో ఉండి ఉర్దూలో నవలలూ, వ్యాసాలూ రాశారు. ముత్తాత గారి జీవితచరిత్ర రాసింది ఈమే. ఆ పుస్తకానికి యాద్‌గారె హాలీ అని పేరు పెట్టారు.